నూటికి తొంభై ఆరు ఎవరి లెక్క?

ఆన్‌లైన్ క్యాసినోల ప్రకటనల్లోనూ, స్లాట్ ఆటల వివరాల పేజీల్లోనూ 96 శాతం, 97 శాతం అన్న అంకెలు తరచుగా కనిపిస్తాయి. ఆర్‌టీపీ అని వ్యవహరించే ఈ అంకె, ఒక ఆటలో ఆటగాళ్లందరూ దీర్ఘకాలంలో కాసే పందేల మొత్తంలో ఎంత భాగం గెలుపుల రూపంలో తిరిగి వారికే చేరుతుందో చెబుతుంది. మిగిలినది నిర్వాహకుడి రాబడి. ఆటలు నిజంగా ప్రకటించినంత చెల్లిస్తున్నాయా అన్న అనుమానం ఓడినవారికి తప్పక కలుగుతుంది గాని, దానికి జవాబు వెదికే ముందు ఆ శాతం ఎలా పుడుతుందో, దేనిమీద లెక్కగట్టినదో తేల్చుకోవలసి ఉంటుంది.

కొన్ని ఆటల్లో ఈ అంకెను ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. యూరోపియన్ రూలెట్ చక్రంలో సున్నాతో కలిపి 37 గడులుంటాయి. ఒక్క అంకెపై కాసిన రూపాయి గెలిస్తే, కాసిన రూపాయితో సహా 36 రూపాయలు చేతికొస్తాయి. కనుక చెల్లింపు 37కు 36, అంటే 97.3 శాతం. అమెరికన్ చక్రంలో రెండో సున్నా చేరడంతో గడులు 38 అవుతాయి గాని చెల్లింపు మారదు, అందువల్ల శాతం 94.74కు పడిపోతుంది. తెలుగునాట పేకాట శిబిరాలపై పోలీసుల దాడుల వార్తల్లో తరచూ వినిపించే లోపలా బయటా ఆటకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మొదటి ముక్క లోపలికి వేసే పద్ధతిలో, ముందుగా తెరిచి ఉంచిన ముక్కకు జోడీ లోపలే పడే అవకాశం 51.5 శాతం. ఆన్‌లైన్‌లో సాధారణంగా లోపల కాసి గెలిచినవారికి వందకు 90 రూపాయలే లాభంగా ఇస్తారు, బయట కాసినవారికి వందకు వంద ఇస్తారు. ఫలితంగా లోపల చెల్లింపు 97.85 శాతం, బయట 97 శాతం అవుతుంది. పేక కట్టలో ఏ మోసమూ లేకుండానే, నియమంలోనే నిర్వాహకుడి వాటా ఇమిడి ఉందన్నమాట. స్లాట్ ఆటల్లో మాత్రం ఏ బొమ్మ ఎంత తరచుగా వస్తుందో తెరపై కనిపించదు కనుక, తనకు ఇచ్చిన అంకెను నమ్మడం తప్ప ఆటగాడు స్వయంగా గుణించి చూసుకోలేడు.

ఎక్కువమంది పొరబడేది, ఈ శాతం ఖాతాలో వేసిన డబ్బుకు సంబంధించినదని అనుకోవడంలో. అది ప్రతి పందేనికీ విడివిడిగా వర్తిస్తుంది. వెయ్యి రూపాయలు జమచేసిన వ్యక్తి గెలిచినదాన్నే మళ్లీ మళ్లీ కాస్తూ పోతే, సాయంత్రానికి అతడు కాసిన పందేల మొత్తం 20 వేలకు చేరడం కష్టమేమీ కాదు. 96 శాతం చెల్లించే ఆటలో ఆ 20 వేలపై సగటు నష్టం 800 రూపాయలు. వెయ్యిలో 800 పోయినప్పుడు ఆట 20 శాతమే చెల్లించిందని అతడు ఆరోపిస్తాడు, క్యాసినో 96 శాతం చెల్లించానంటుంది, లెక్క ప్రకారం క్యాసినో మాటే నిజమవుతుంది. ప్రకటన అబద్ధం కాకపోయినా పాఠకుడిని తప్పుదారి పట్టించగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక పరీక్ష సంగతి. ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో కొలిచే గణాంక పరిమాణాన్ని ప్రామాణిక విచలనం అంటారు. రూలెట్‌లో ఒక్క అంకెపై కాసే రూపాయికి అది దాదాపు 5.84 రూపాయలు. దీని ప్రకారం వెయ్యిసార్లు ఆడిన వ్యక్తికి తిరిగి వచ్చే మొత్తం, ఆట ఎంత నిజాయితీగా ఉన్నా, నూటికి 95 సందర్భాల్లో 61 శాతానికీ 134 శాతానికీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పదివేలసార్లు ఆడినా ఆ వ్యాప్తి 86 నుంచి 109 వరకు ఉంటుంది. చెల్లింపు 97.3 నుంచి 95కు తగ్గించారేమోనన్న అనుమానాన్ని కాస్త నమ్మకంగా తేల్చాలంటే సుమారు రెండున్నర లక్షల ఆటలు కావాలి. ఆటకు పది సెకన్ల చొప్పున రోజుకు ఎనిమిది గంటలు ఆడితే దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆటకు పది రూపాయల చొప్పున కాస్తే, ఏ మోసమూ లేదని రుజువయ్యే సరికి సగటున 67,500 రూపాయలు పోతాయి. ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చే స్లాట్ ఆటల్లో చెదరడం ఇంకా ఎక్కువగా ఉంటుంది కనుక, నాలుగు రాత్రుల ఓటమిని మోసానికి సాక్ష్యంగా చూపలేనట్లే, నాలుగు రాత్రుల గెలుపును నిజాయితీకి సాక్ష్యంగానూ చూపలేరు.

ఈ పనిని చేయగలవారు కోట్ల ఆటల రికార్డు చేతిలో ఉన్నవారు మాత్రమే. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ నిబంధనలు చెల్లింపు సమాచారాన్ని ఆటగాడికి అందుబాటులో ఉంచమంటాయి, ఆటగాడి గత గెలుపోటములను బట్టి అవకాశాలను మార్చే ఏర్పాటును ఆన్‌లైన్ ఆటల్లో నిషేధిస్తాయి, విడుదలైన తర్వాత కూడా వాస్తవ చెల్లింపును సిద్ధాంత శాతంతో పోల్చిచూస్తూ ఉండమంటాయి. ఈకోగ్రా, జీఎల్ఐ వంటి పరీక్షా సంస్థలు ప్రోగ్రామునూ, యాదృచ్ఛిక అంకెలను పుట్టించే యంత్రాంగాన్నీ పరిశీలిస్తాయి. లైసెన్సు పోగొట్టుకునే భయమున్న చోట అంకెను తప్పుగా ప్రకటించడం క్యాసినోకు నష్టదాయకం. నిజాయితీగా వచ్చే నాలుగు శాతమే దానికి చాలు.

అయినా సందులున్నాయి. ఒకే స్లాట్ ఆటను తయారీదారు వేర్వేరు చెల్లింపు శాతాలతో క్యాసినోలకు అందించడం ఈ వ్యాపారంలో మామూలే. సమీక్షకులు ఎక్కువ శాతాన్ని ఉదహరిస్తే, ఆటగాడికి దొరికేది అదే పేరు, అవే బొమ్మలతో తక్కువ శాతపు రూపం కావచ్చు. ఇక యాదృచ్ఛికతే లోపించడం మరో సంగతి. 1999లో ఏఎస్ఎఫ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ తన ఆన్‌లైన్ పోకర్‌లో ముక్కలు కలిపే పద్ధతి ఎంత న్యాయమైనదో చూపడానికి ఆ ప్రోగ్రామును తానే ప్రచురించింది. దాన్ని పరిశీలించిన రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ నిపుణులు, 52 ముక్కలకు 68 అంకెల సంఖ్యలో వరుసలు సాధ్యంకాగా, అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను బట్టి మొదలయ్యే ఆ ప్రోగ్రాము 8.64 కోట్లకు మించి పుట్టించలేదని కనిపెట్టారు. సర్వర్ గడియారంతో తమ గడియారాన్ని సరిపెట్టి ఆ వరుసలను సుమారు రెండు లక్షలకు కుదించి, తెరిచిన ముక్కలను బట్టి ఎదుటివారి చేతిలో ఏముందో అప్పటికప్పుడు చెప్పగలిగారు. మోసం చేయాలన్న ఉద్దేశం సంస్థకు లేదు, కాని ఆట మాత్రం న్యాయమైనది కాదు.

తెలుగు ఆటగాడి పరిస్థితి బ్రిటన్ ఆటగాడిది కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశవ్యాప్తంగా నిషేధించింది, శిక్షలు ఆటగాడికి కాక నిర్వాహకుడికీ ప్రచారకుడికీ పెట్టింది. కనుక ఇక్కడి ఫోన్లకు చేరే క్యాసినోలు విదేశాల్లో కూర్చుని నిషేధాన్ని దాటి వచ్చేవే. అవి తెరపై చూపే 96 శాతం నిజమే కావచ్చు. కాకపోతే వాటి రికార్డులు తెప్పించి పరిశీలించే నియంత్రణ సంస్థ భారతదేశంలో ఏదీ లేదు.