ఇంజను గొంతు ఎంత ఉండాలి?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, దుత్తలూరు, ఉదయగిరి రోడ్ల మీద ఇప్పుడు మోటారు సైకిలే బరువులు కూడా మోస్తుంది. వెనక పాలక్యానో, గడ్డిమోపో ఉంటుంది. అలాంటి బండి గల వారికి ఎవరో ఒకరు సలహా చెబుతూనే ఉంటారు: "పెద్ద కార్బురేటరు వేయించు, బండి పిడుగులా పోతుంది!" డబ్బు పోసి వేయిస్తే పిడుగు మాట అటుంచి, మోపుతో మిట్ట ఎక్కేటప్పుడు బండి ముక్కుతుంది. పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. ఎందువల్ల?

ఇంజను పెట్రోలుతోనే బతకదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ఆ గాలి పోయే దారిలో ఒక తలుపు ఉంది. మనం యాక్సిలరేటరు తిప్పితే తెరుచుకునేది ఆ తలుపే. దాని పేరు థ్రాటిల్. ఇంగ్లీషులో ఆ మాటకు గొంతు నొక్కడం అని అర్థం. పేరు బాగానే కుదిరింది!

మీరూ కాగితం, పెన్సిలు తీసుకోండి. 100 ఘన సెంటీమీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే 3,000 సార్లు పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండరు పూర్తిగా నిండుతుందనుకుంటే సెకనుకు 5 లీటర్ల గాలి అన్నమాట. గొంతు వ్యాసం 18 మిల్లీమీటర్లయితే గాలి సగటున సెకనుకు 20 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. వ్యాసం రెట్టింపు చేసి 36 చేశారనుకోండి. వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, వేగం 5 మీటర్లకు పడిపోతుంది. లోపలికి పోయే గాలి మాత్రం అంతే! వాకిలి వెడల్పు చేస్తే గది పెద్దదవుతుందా?

ఇక పెట్రోలు సంగతి. పంటకాలువ ఇరుకైన చోట నీరు వడిగా పోవడం మీరు చూసే ఉంటారు. అలా వడి పెరిగిన చోట పీడనం తగ్గుతుందని ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లో రాశాడు. కార్బురేటరు పనిచేసేది ఈ సూత్రం మీదే. గొంతులో పీడనం తగ్గడం వల్ల పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి తుంపరగా మారుతుంది. మిట్ట మీద ఇంజను 2,000 చుట్లకు దిగిందనుకుందాం. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పినా పెద్ద గొంతులో గాలి వేగం 2 మీటర్లు కూడా ఉండదు. పెట్రోలు సరిగా లేవదు, లేచినదీ పెద్ద బొట్లుగా పోయి సగం సగం మండుతుంది.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో ఎక్కువ భాగానికి పెట్రోలును పంపే చిమ్ముతుంది. ఆ చిక్కు తీరింది. కానీ గొంతు మరీ పెద్దదైతే తలుపు కొంచెం తెరవగానే ఇంజనుకు కావలసిన గాలంతా వచ్చేస్తుంది. మిగతా తిప్పుడంతా వృథా. ఇరుకు సందులో నిదానంగా నడపడం కూడా కష్టమే.

గొంతు మరీ చిన్నదైనా ప్రమాదమే. 350 ఘన సెంటీమీటర్ల ఇంజనుకు 18 మిల్లీమీటర్లు ఏ మూలకు? ఇంజనీరింగు విద్యార్థులు పాల్గొనే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో పెట్రోలు కారు గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలని నియమం ఉంది. అక్కడ గాలి ధ్వని వేగాన్ని అందుకుందంటే, ఇంజను ఎంత గింజుకున్నా అంతకు మించి రాదు. శక్తికి అదే కళ్లెం.

మరి మీ బావి దగ్గర ఆయిలు ఇంజను ఉంటే దాని గాలి గొట్టం చూడండి. ఈ తలుపు కనబడదు! డీజిలు ఇంజను ప్రతిసారీ గాలి నిండా పీలుస్తుంది. గవర్నరు హెచ్చించి తగ్గించేది డీజిలును మాత్రమే.