ముంత మసాలాలో మా చెనక్కాయ

సాయంత్రం ఐదు దాటాక విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం ఒకపక్క, సంత ఒకపక్క. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోకి దిగడు, ఊరి వెనక కుంగుతాడు. మేడల నీడలు ఇసుక మీదుగా అలల దాకా సాగుతాయి. ఎండ తగ్గిందో లేదో బండ్లు బారులు తీరతాయి. నిప్పుల మీద చిటపటలాడే మొక్కజొన్న కండెలు, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు, మిరపకాయ బజ్జీలు, గవ్వల దండలు, బెలూన్లు. పక్కనున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరే పొట్టిదై ఆర్కే అయింది. కొంచెం అవతల ఇసుకలో ఒడ్డెక్కి కూర్చున్న కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. అక్కడ పిల్లల వరుస తరగదు.

అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక రాత్రంతా ప్రయాణం చేసి అమ్మను తీసుకొచ్చాను. డెబ్బై దాటినా ఆమె సముద్రం చూసి ఎరగదు. మాకు నీళ్లంటే బుక్కరాయసముద్రం చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది, పేరులోనే సముద్రం ఉంది. కట్ట తెగబోతుంటే ఊరి కోడలు ముసలమ్మ చెరువుకు తన ప్రాణమిచ్చి నిలబెట్టిందని చెప్పుకుంటాం. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ రాసింది ఆ కథ మీదే. నీళ్ల కోసం కాదు, నీళ్లను ఆపడం కోసం ఒక మనిషి పోయిందన్న కథ కరువు సీమలో పుట్టడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు పిండేసుకుంటాయి. ఈశాన్యం వానలు మా దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, విశాఖలో పడేదాంట్లో సగం. అందుకే చెరువు నిండి మరువ పారిందంటే ఊరంతా అక్కడే ఉంటుంది. ఎవరూ పిలవకుండానే బొరుగుల బండి, బజ్జీల బండి వచ్చేస్తాయి. ఆర్కే బీచ్ సంత నాకు కొత్తగా అనిపించలేదు. ఇక్కడ మరువ రోజూ పారుతుంది, అంతే తేడా.

ముంత మసాలా కలిపే ఆవిడ దగ్గర ఆగాం. మా బొరుగులు ఆమెకు మరమరాలు. ఉల్లిపాయ, టమాటా సన్నగా తరిగి, కారం, ఉప్పు చల్లి, నిమ్మచెక్క పిండి, గిన్నెలో గరిటె గలగలలాడించింది. పైన వేయించిన వేరుశనగ గింజలు, కొత్తిమీర. కాగితం పొట్లంలో పోసి, అట్టముక్కనే చెంచాగా గుచ్చి ఇచ్చింది. బొరుగులు మెత్తబడకముందే తినాలి. సముద్రపు గాలి క్షణం ఆగదు.

“ఏ ఊరు బాబూ?”

“అనంతపురం.”

“ఓలమ్మో! అక్కడ నీలుండవంట గదా!”

అమ్మ నవ్వలేదు, నొచ్చుకోలేదు. “ఉంటాయి తల్లీ, అప్పుడప్పుడు,” అంది.

పక్క బండి మీద వేయించిన వేరుశనక్కాయల గుట్ట, వేడి చల్లారకుండా దాని నడుమ పొగలు కక్కే చిన్న నిప్పుల ముంత. మా ఊళ్లో ఇవి చెనక్కాయలు. అమ్మ ఒకటి తీసుకుని బొటనవేలితో నొక్కి విప్పింది. తినలేదు. దీపం వైపు తిప్పి చూసింది. గులాబీ రంగు పొర ముడతల్లేకుండా గింజను బిగించి పట్టుకుంది, గుల్లలో సందు లేదు. ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేస్తే గింజ ఎండి గుల్లలో గిలక్కాయలా మోగుతుంది. అలాంటి తాలుకాయలను ఆమె ఎన్ని చేటల్లో చెరిగిందో నేను చూశాను.

“అదునుకు వాన పడిండాది నాయనా ఈ పంటకు,” అంది. ఆ మాటలో అసూయ లేదు. ఎవరో తెలియని రైతు ఇంట్లో శుభకార్యం జరిగినట్టు చెప్పింది.

“ఏ ఊరివి ఇవి?” అని బండి అబ్బాయిని అడిగింది. మార్కెట్టులో బస్తా కొంటామని, ఊరు తెలియదని చెప్పాడు. అమ్మ ఇంకో పొట్లం కట్టించుకుంది.

చీకటి పడింది. సముద్రం కనబడడం లేదు. నురగ తెల్లటి గీతలా ముందుకొచ్చి పోతోంది. అమ్మ ఇసుకలో కూర్చుని ఒక్కొక్క కాయ ఒలుస్తూ, గుల్లలు కొంగులోకి వేసుకుంటోంది.