పాత లాప్‌టాపునకు ఎస్.ఎస్.డి. వేయించవలెనా?



నాందేడులోని మన తెలుగు నేత కుటుంబములకు నేడు లాప్‌టాపు వింత వస్తువు కాదు. పిల్లల చదువు, నూలు ఖాతా, కూలి లెక్క, సంఘ సభ్యుల వాటాల పట్టిక దానియందే యుండును. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట అది మందగించును. మీట నొక్కి, టీ త్రాగి వచ్చినను తెర సిద్ధము కాదు. అపుడు దుకాణదారు, "ఎస్.ఎస్.డి. వేయించండి, కొత్తదానివలె పరుగెత్తును" అనును. ఆ మాట కొన్ని యెడల నిజము, కొన్ని యెడల వృథా ఖర్చు. ఇంటివారికి అది కష్టార్జితమగు కూలి డబ్బు. సంఘమునకు సభ్యుల సొత్తు. కావున విషయము తెలిసికొనిన పిమ్మటనే డబ్బు తీయవలెను.

లాప్‌టాపులో లెక్కలు, ఉత్తరములు, ఫొటోలు భద్రపరచు భాగమే డిస్కు. పాత రకమును హార్డ్ డిస్కు అందురు. అందు గుండ్రని పలక గిరగిర తిరుగుచుండగా, సన్నని చేయి యొకటి దానిపై అటునిటు జరుగుచు కావలసిన చోటును వెదకును. ఈ పద్ధతి 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీ యంత్రముతో మొదలైనది. దానిలో 50 పెద్ద పలకలుండి, అన్నియు కలిసి 50 లక్షల అక్షరములు పట్టెడివి. మన నాందేడు హైదరాబాదు రాష్ట్రమును వీడి బొంబాయి రాష్ట్రమున చేరినదియు ఆ సంవత్సరమే. నేటి లాప్‌టాపు హార్డ్ డిస్కులో పలక సాధారణముగా నిమిషమునకు 5,400 మారులు తిరుగును. ఐనను ఒక్కొక్క చోటు వెదకుటకు సెకనులో నూరవ వంతుకు మించి పట్టును. లాప్‌టాపు తెరచుకొనునపుడు ఇట్టి వెదుకుళ్లు వేలకొలది జరుగును గాన, ఆ కొంచెము కొంచెము కూడి నిమిషములగును.

ఎస్.ఎస్.డి.లో తిరుగు పలక లేదు, కదలు చేయి లేదు. సెల్‌ఫోనులో వలెనే సమాచారమంతయు చిప్పులలో నిలుచును. 1980 దశకమున జపానులోని తోషిబా కంపెనీ ఇంజనీరు ఫూజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ దీనికి మూలము. వెదకుటకు పట్టు కాలము ఇందు హార్డ్ డిస్కులో నూరవ వంతునకు తగ్గును. అందుచేతనే నిమిషములలో తెరచుకొను లాప్‌టాపు సెకనులలో తెరచుకొనును.

ఐతే మన వృత్తిలోని యొక సంగతి ఇచ్చట గుర్తు చేసికొనవలెను. 1733లో ఇంగ్లాండునందు జాన్ కే తాడు లాగి నాడెను పరుగెత్తించు పద్ధతి కనిపెట్టెను. నేత వేగము పెరిగెను గాని, వడుకువారు నూలు అందించలేకపోయిరి. కండె చుట్టువారు వెనుకబడినపుడు మగ్గమునకు ఎంత వేగమున్నను ఏమి లాభము? లాప్‌టాపు సంగతియు ఇంతే. ఏ భాగము వెనుకబడినదో ముందు కనుగొనవలెను.

ఈ పరీక్షకు ఖర్చు లేదు. విండోస్ లాప్‌టాపులో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్సు అనుచోట సి.పి.యు., మెమరీ, డిస్కు ఎంత శాతము పనిచేయుచున్నవో కనబడును. డిస్కు ప్రక్కన హెచ్.డి.డి. అని యున్న అది హార్డ్ డిస్కు, ఎస్.ఎస్.డి. అని యున్న ఇదివరకే కొత్త రకము కలదు. లాప్‌టాపు నత్తనడక నడచు సమయముననే ఈ అంకెలు చూడవలెను.

డిస్కు 100 శాతము వద్ద నిలిచి తక్కినవి తక్కువగా నున్నచో, దోషము హార్డ్ డిస్కుదే, ఎస్.ఎస్.డి. వేయించుట తగిన పని. మెమరీ 90 శాతము దాటి నిండియున్నచో ముందు ర్యామ్ పెంచవలెను. ర్యామ్ చాలనపుడు లాప్‌టాపు ఆ పనిని డిస్కుపై మోపును గాన, డిస్కు కూడ 100 చూపి మనలను భ్రమపెట్టును. సి.పి.యు. ఒక్కటే నిండుగా నున్నచో డిస్కు మార్చిన ప్రయోజనము స్వల్పము. ఇంటర్నెట్టు మందముగా నుండి ఆలస్యమగుచున్నచో ఎస్.ఎస్.డి. దానికి మందు కాదు.

మరియొక సంగతి. విండోస్ 10కి ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 చాల పాత లాప్‌టాపులను అంగీకరించదు. అట్టివానిపై ఖర్చు పెట్టుటకు ముందు, ఉచితముగా దొరకు లినక్స్‌తో మన పని జరుగునా యని విచారింపవలెను. జరుగనిచో, ఆ డబ్బును కొత్త లాప్‌టాపునకై దాచుట మేలు.

కొనునపుడు లాప్‌టాపు మోడలు నంబరు చూపి, దానికి రెండున్నర అంగుళముల పెట్టె రకము సరిపడునా, ఎం.2 అను సన్నని పట్టీ రకము సరిపడునా యని అడుగవలెను. ఎం.2లోనే సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు విధములు గలవు. చూచుటకు దగ్గరగా నుండును గాని ఒకదానికి బదులు మరియొకటి పనిచేయకపోవచ్చును. కొన్ని పలుచని లాప్‌టాపులలో చిప్పులు బోర్డుకే అతికియుండును, మార్చుటకు వీలులేదు. రెండు దుకాణములలో ధర విచారించి, వారంటీ గల రసీదు తీసికొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది నకలు. హార్డ్ డిస్కు టకటక శబ్దము చేయుచున్నచో అది చావు దగ్గరపడిన సూచన. వేగము మాట అటుంచి, ఆ దినముననే లెక్కలన్నియు వేరొక డిస్కులోనికి ఎక్కించవలెను. ఎస్.ఎస్.డి. చెడినపుడు శబ్దము కూడ రాదు, ఒక్కసారిగా ఆగిపోవచ్చును. దానినుండి చెరిపిన ఫైలు తిరిగి దొరకుటయు అరుదు. కావున వారమునకొకసారి నకలు తీసి, లాప్‌టాపు ఉన్నచోట గాక వేరొకచోట నుంచవలెను. తీసివేసిన పాత డిస్కులో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లుండును. పూర్తిగా తుడిచివేయక ఎవరికిని ఇవ్వరాదు.

సంఘముల విషయమున పాలకవర్గ తీర్మానము, నకలు, ఆ పిమ్మట కొనుగోలు — ఈ క్రమము తప్పరాదు. మార్చి 31 లెక్కల ముగింపు హడావిడిలో డిస్కు విప్పించక, పని తక్కువ నెలలో విప్పించవలెను. డిస్కు పోయిన మరియొకటి కొనవచ్చును. సభ్యుని నూలు బాకీ, కూలి జమ చెరిగిపోయినచో వాటిని అమ్ము దుకాణము లేదు.