గ్రెనడీన్స్‌లో తెరచాప పడవ విహారము

గ్రెనడీన్స్ దీవుల మధ్య సొంత తెరచాప పడవపై సాగించే విహారము కరేబియన్ సముద్రములో మిక్కిలి పేరొందిన విహారములలో ఒకటి. ఇందులో పడవయే ఇల్లు, వంటగది, వాహనము. ఉదయము రెండు మూడు గంటలు ప్రయాణించి, మధ్యాహ్నమునకు ఏదో ఒక ఖాతములో లంగరు వేసి, ఈతతోను, పుస్తక పఠనముతోను కాలము గడుపుట దీని పద్ధతి. చూచువారికి ఇది తీరిక వ్యవహారముగానే తోచును. కాని ఆ తీరిక గాలిని, నీటి అడుగును, ఋతువును ఎరిగి నడచుకొనువారికే దక్కును.

దీవుల ఉనికి

గ్రెనడీన్స్ అనునవి సెయింట్ విన్సెంట్, గ్రెనడా అను రెండు పెద్ద దీవుల నడుమ, 12, 13 డిగ్రీల ఉత్తర అక్షాంశముల ప్రాంతములో వరుసగా ఉన్న చిన్న దీవులు. బెక్వే, ముస్తీక్, కానవన్, మేరో, యూనియన్ దీవి మొదలగునవి సెయింట్ విన్సెంట్ దేశమునకు చెందినవి. దక్షిణమున ఉన్న కారియకూ, పెటీట్ మార్టినిక్ గ్రెనడా దేశములోనివి. రెండును పూర్వము బ్రిటిషు పాలనలో ఉండెడివి. గ్రెనడా 1974లోను, సెయింట్ విన్సెంట్ 1979లోను స్వాతంత్ర్యము పొందినవి. రెండు చోట్లను తూర్పు కరేబియన్ డాలరే చెల్లును. అయినను యూనియన్ దీవి నుండి, కంటికి కనబడుచున్న కారియకూకు పోవలెనన్నను ఒక దేశము విడిచి మరొక దేశములో ప్రవేశించుటయే. కనుక బయలుదేరు రేవులో అనుమతి పత్రము తీసుకొని, చేరిన చోట పసుపు జెండా ఎగురవేసి, సుంకము, వలస అధికారుల వద్ద నమోదు చేయించుకొనవలెను.

గాలి

ఇచ్చట ఏడాదిలో అధిక భాగము తూర్పు, ఈశాన్య దిశల నుండి వ్యాపార పవనములు వీచును. వాటి వేగము సాధారణముగా గంటకు 28 నుండి 37 కిలోమీటర్లు. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోజాలదు. అటు కొంత, ఇటు కొంత వంకరగా సాగుచు ముందుకు పోవలసినదే. దీవుల వరుస ఇంచుమించు ఉత్తర దక్షిణములుగా ఉండుటచే గాలి పడవకు ప్రక్క నుండి తగులును. ఇది తెరచాపకు మిక్కిలి అనుకూలము. అయితే వరుస కొంచెము ఈశాన్యమునకు వాలి యున్నందున దక్షిణమునకు పోవుట సులువు, తిరిగి వచ్చుట కొంత శ్రమ. క్రొత్తవారు పోవునప్పటి సుఖమును చూచి తిరుగు ప్రయాణమునకు చాలినన్ని రోజులు ఉంచుకొనరు. దీవుల పడమటి ప్రక్క గాలి చాటు గనుక లంగరు వేయు ఖాతములు ఎక్కువగా అచ్చటనే కలవు.

నీటి రంగు, లంగరు

సెయింట్ విన్సెంట్ రాజధాని కింగ్స్‌టౌన్ నుండి బెక్వే సుమారు 9 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు 1852 మీటర్లు. బెక్వేలోని అడ్మిరల్టీ ఖాతము విశాలమైనది. ఇచ్చటివారు పడవల నిర్మాణములో పేరు గాంచినవారు. అచ్చటి నుండి దక్షిణమునకు సాగినవారు తప్పక ఆగు చోటు టొబాగో కేస్. ఇవి జనావాసము లేని ఐదు చిన్న దీవులు. తూర్పున ఆఫ్రికా వరకు భూమి లేదు. అట్లాంటిక్ అలలను ఆపునది గుర్రపు లాడము ఆకారములో ఉన్న పగడపు దిబ్బ ఒక్కటే. అలలు దానిపై విరిగిపోగా లోపలి నీరు నిలకడగా ఉండును. గాలి మాత్రము ఆగదు. బరడాల్ దీవి వద్ద పచ్చ తాబేళ్ళు గడ్డి మేయుచు కనబడును.

ఇట్టి చోట్ల దిక్సూచి, ఉపగ్రహ యంత్రము కంటె కన్నే మేలు. ముదురు నీలము లోతునకు, లేత ఆకుపచ్చ ఇసుకకు, గోధుమ రంగు పగడములకు గుర్తులు. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా, వీపు వెనుక ఉన్నప్పుడే ఈ రంగులు స్పష్టమగును. అందుచే అనుభవజ్ఞులు సాయంకాలమునకు ముందే గమ్యము చేరుదురు. లంగరును పగడముపై వేయరాదు. అది పగడమును విరుచును, సరిగా పట్టును కూడా పట్టదు. ఇసుకలో వేసి, నీటి లోతునకు ఐదు నుండి ఏడు రెట్లు గొలుసు వదలవలెను. గొలుసు పొడవుగా ఉన్నకొలది లాగుడు అడ్డముగా ఉండి లంగరు ఇసుకలో దిగబడును. తరువాత నీటిలో మునిగి కంటితో చూచుకొనుట మంచి అలవాటు.

నీటి కరువు

చుట్టును సముద్రమే అయినను ఈ దీవులలో నదులు లేవు. ప్రజలు ఇంటి కప్పులపై పడిన వాన నీటిని తొట్లలో నిలువ చేసికొందురు. పడవ తొట్టి నింపుకొను నీటికి వెల చెల్లించవలెను, పొదుపుగా వాడవలెను. చిన్న పడవలలో వచ్చు స్థానికులు రొట్టె, పండ్లు, చేపలు అమ్ముదురు. సెయింట్ విన్సెంట్ జలములలో మే 1 నుండి ఆగస్టు 31 వరకు సముద్రపు రొయ్యజాతికి చెందిన లాబ్‌స్టర్ పట్టుట నిషిద్ధము.

తుఫానుల కాలము

మన తూర్పు తీరములో తుఫాను అనబడునదే అట్లాంటిక్‌లో హరికేన్. దాని కాలము జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. ఆ నెలలలో చాలమంది తమ పడవలను ట్రినిడాడ్ వంటి దక్షిణ ప్రాంతములకు తరలింతురు. బీమా సంస్థలు కూడ తరచు ఇదే షరతు విధించును. ఒకప్పుడు గ్రెనడాను కూడ తుఫానులు చేరని చోటుగా భావించెడివారు. 2004 సెప్టెంబరులో ఇవాన్ ఆ నమ్మకమును చెరిపివేసినది. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ నాలుగవ శ్రేణి బలముతో కారియకూపై తీరము దాటినది. ఆ దీవిలోని టైరెల్ ఖాతపు మడ అడవులలో ఆశ్రయము పొందిన పడవలు అనేకము దెబ్బతిన్నవి. యూనియన్ దీవిలో నూటికి 90 ఇళ్ళు తీవ్రముగా దెబ్బతినుటయో, కూలిపోవుటయో జరిగినదని అప్పటి ప్రధానమంత్రి రాల్ఫ్ గొన్సాల్వెస్ ప్రకటించెను. పడవల యజమానులలో ముందుగా కదలినవారు దక్షిణమునకు తప్పుకొనగలిగిరి. దీవివాసులకు ఆ వీలు లేదు.