బస్సులో వేలాడే రాయి

పిల్లలూ! మీలో కొందరు చౌటుప్పల్ చూసే ఉంటారు. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, విజయవాడ పోయే రోడ్డు మీద ఉన్నది ఆ ఊరు. ఆ రోడ్డును ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు దాని నంబరు 65. అక్కడ బస్సెక్కి, చిట్యాల వైపు పోతూ మనం ఒక ప్రయోగం చేద్దాం. దీనికి 30 సెంటీమీటర్ల దారమూ, ఒక గులకరాయీ ఉంటే చాలు.

రాయిని దారానికి కట్టి, సీటులో కూర్చొని, దారం కొసను కదలకుండా పట్టుకోండి. బస్సు ఆగి ఉన్నప్పుడు రాయి తిన్నగా వేలాడుతుంది. కండక్టరు "రైట్, రైట్" అనగానే దాన్ని చూడండి! బస్సు ముందుకు పోతుంటే, రాయి ఉన్నచోటనే ఉండజూస్తుంది. అందుచేత అది వెనక్కు వాలుతుంది. నిలబడ్డవాళ్ళు వెనక్కు తూలేదీ ఇందుకే.

కొంతసేపటికి బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుని, అదే వేగంతో పోతున్నదనుకోండి. ఇప్పుడు రాయి మరింత వెనక్కు వాలాలి గదా? లేదు! రోడ్డు కుదుపులకు కొంచెం ఊగినా, తిన్నగానే వేలాడుతుంది.

ఇందులో వింత ఏమీ లేదు. రాయి మనకు చూపేది వేగాన్ని కాదు, వేగంలో వచ్చే మార్పును. వేగం ఎంత త్వరగా మారుతున్నదో చెప్పేదే త్వరణం.

బస్సు బయలుదేరి 10 సెకన్లలో గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకున్నదనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. కనుక ప్రతి సెకనులోనూ దాని వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరిగింది. అందుకే దీనిని "సెకనుకు, సెకనుకు 1 మీటరు" అంటారు. ఒక "సెకనుకు" వేగానిది. రెండవది ఆ వేగం మారిన కాలానిది. ఇంత త్వరణానికి మన రాయి సుమారు 3 సెంటీమీటర్లు వెనక్కు జరుగుతుంది. స్కేలు పెట్టి చూడండి.

ఇటలీ దేశపు గెలీలియో దగ్గర సెకన్లు సరిగా చూపే గడియారం లేదు. ఆయన ఏటవాలు పలక మీద గుండును దొర్లించి, పాత్ర నుండి కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. కాలం రెట్టింపైతే గుండు వేగం కూడా రెట్టింపవుతుంది. కాని అది పోయిన దూరం నాలుగు రెట్లవుతుంది! ఈ సంగతులు 1638లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఉన్నవి. ఈ "నాలుగు రెట్లు" అనే మాట గుర్తుంచుకోండి.

అదుగో, పంతంగి టోలుగేటు! డ్రైవరు బ్రేకు వేశాడు. రాయి ముందుకు వాలింది. వేగం తగ్గడమూ త్వరణమే. దానిని రుణ త్వరణం అంటారు.

ఇక ప్రాణాలకు సంబంధించిన లెక్క ఒకటి. ఒక కారు బ్రేకు వేస్తే, సెకను సెకనుకూ దాని వేగం సెకనుకు 5 మీటర్లు తగ్గుతుందనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 2 సెకన్లలో ఆగుతుంది. సగటు వేగం సెకనుకు 5 మీటర్లు గనుక, అది 10 మీటర్లు పోయి ఆగుతుంది. 72 కిలోమీటర్ల వేగంతో వస్తే? 4 సెకన్లు పడుతుంది. సగటు వేగం 10 మీటర్లు. దూరం 40 మీటర్లు! వేగం రెండింతలు, దూరం నాలుగింతలు. 108 కిలోమీటర్ల వేగమైతే ఏకంగా 90 మీటర్లు.

అంతేకాదు. మనిషిని చూసి బ్రేకు తొక్కేలోగా డ్రైవరుకు సుమారు ఒక సెకను గడుస్తుంది. ఆ సెకనులోనే ఈ చివరి కారు 30 మీటర్లు వచ్చేస్తుంది. మొత్తం 120 మీటర్లు! వాన పడి రోడ్డు తడిస్తే ఇంకా ఎక్కువ. కారు 100 మీటర్ల దూరంలో ఉండగా, "ఆపుతాడులే" అనుకుని మీరు రోడ్డుకు అడ్డంగా పరుగెత్తారనుకోండి. డ్రైవరు ఎంత నేర్పరి అయినా, ఈ కారు మీదాకా రాకముందు ఆగదు. కనుక బండ్లు పోయేదాకా ఆగి, పెద్దల చెయ్యి పట్టుకుని, దాటవలసిన చోటనే రోడ్డు దాటండి.

చివరగా ఒక లెక్క. అదే కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తే, డ్రైవరు మిమ్మల్ని చూసినప్పటినుంచి ఎంత దూరంలో ఆగుతుంది? 87న్నర మీటర్లు వస్తే మీ లెక్క సరి. ఇంట్లో బండి నడిపేవారుంటే, వారిచేత కూడా ఈ లెక్క చేయించండి.