ఆగే పంట, ఆగని పంట

మీ వంటింట్లో పసుపు కొమ్ము నెలల తరబడి డబ్బాలో ఉన్నా చెడిపోదు. మరి నరికిన చెరకు గడ? నాలుగు రోజులకే వాడి, కోసిన చోట పులుపు వాసన కొడుతుంది. మా నిజామాబాదు జిల్లాలో ఈ రెండు పంటలూ పండుతాయి. రోడ్లు, రైళ్లు ఏ పంటకు ఎలా ఉపయోగపడతాయో వీటిని చూస్తే తెలుస్తుంది.

చెరకులోని తీపి పదార్థం సుక్రోజు. గడను నరికాక, అందులోని ఇన్వర్టేజు అనే ఎంజైము, బయటి నుంచి చేరే సూక్ష్మజీవులు దాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి. ఇవీ తియ్యనివే గాని, వీటినుంచి చక్కెర పలుకులు కట్టవు. అందుకే చెరకును కోసిన 24 గంటల్లో మిల్లుకు చేర్చడం మంచిది.

మరో లెక్క చూడండి. 100 కిలోల చెరకు నుంచి వచ్చే చక్కెర సుమారు 10 కిలోలే. మిగిలిన బరువును దూరం మోయడం దండుగ గదా! కాబట్టి ఫ్యాక్టరీయే చెరకు దగ్గరికి రావాలి.

బోధన్‌లో జరిగింది అదే. మంజీర నదిపై 1931లో నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీటితో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. దాని చుట్టూ వెలసిన ఊరే శక్కర్‌నగర్. ఎడ్లబండ్లు చెరకు తెచ్చేవి. చక్కెర బస్తాలు రైలెక్కేవి.

ఆనాటి సికింద్రాబాదు-మన్మాడు లైను మీటరు గేజి. అంటే పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. మన్మాడు దగ్గర కలిసే బొంబాయి లైను బ్రాడ్ గేజి, 1,676 మిల్లీమీటర్లు. ఒకదాని పెట్టె రెండోదానిపై నడవదు. బొంబాయి వైపు పోయే సరుకును అక్కడ దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. చక్కెర ఆ ఆలస్యాన్ని తట్టుకోగలదు, చెరకు తట్టుకోలేదు. ఇప్పుడా లైనంతా బ్రాడ్ గేజిగా మారింది.

పసుపును రైతులు ఇంటి దగ్గరే ఉడకబెట్టి ఎండబెడతారు. తేమ సుమారు పదో వంతుకు దిగితే బూజు పట్టదు, కిరాయి బరువూ తగ్గుతుంది. అందుకే అది ఓడలెక్కి విదేశాలకు పోగలదు. జాతీయ పసుపు బోర్డు కార్యాలయాన్ని 2025లో నిజామాబాదులోనే ప్రారంభించారు.

బోధన్ ఫ్యాక్టరీ మాత్రం 2015 డిసెంబరులో మూతపడింది. రోడ్డు ఉంది, పట్టాలున్నాయి. దగ్గరలో మిల్లు లేదు. గడను దూరం పంపితే కిరాయి పెరుగుతుంది, చక్కెర తరుగుతుంది. చాలామంది రైతులు వరికి మళ్ళారు. దారి ఉంటే చాలదు, పంట చెడేలోగా చేరే చోటు కూడా ఉండాలి.

మీరే పరీక్షించండి. ఒక చెరకు ముక్కను నాలుగు రోజులు రోజూ ఒకే వేళకు తూచి, పట్టిక వేయండి. ఎంత బరువు తగ్గిందో చూశాక, బండిమీద మిల్లుకై ఎదురుచూసే రైతు నష్టాన్ని మీరే లెక్కగట్టగలరు.