నలభైకి అటూ ఇటూ

సదరం పరీక్షలో వైకల్యం 40 శాతానికి తక్కువగా తేలితే తెలంగాణలో దివ్యాంగుల పింఛను రాదు. 39 వచ్చినవారికీ సున్నా వచ్చినవారికీ పింఛను జాబితాలో తేడా లేదు. నెలకు 4,016 రూపాయలు అందడం, అందకపోవడం ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది. అందుకే మేడ్చల్‌లోనైనా శామీర్‌పేటలోనైనా క్యాంపుకు వెళ్లొచ్చిన మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎంత వేశారు?’ అన్నదే. ‘తక్కువ వేశారు’ అని చెప్పాల్సి వచ్చినవారికి ఆ తర్వాత ఎటు వెళ్లాలో చెప్పేవారు తక్కువ. ఆ నిర్ణయాన్ని సవాలు చేసే హక్కు చట్టంలో ఉంది. అయితే సవాలు చేయాల్సింది ఏ నిర్ణయాన్నో ముందు తేల్చుకోవాలి.

‘పింఛను కొట్టేశారు’ అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. మొదటిది వైద్యుల మాట: శాతం సరిపోలేదు, లేదా ఆ లోపం చట్టంలోని వైకల్యాల కిందికి రాదు. రెండోది గడువు: సర్టిఫికెట్ టెంపరరీ, దాని కాలం తీరిపోయింది. మూడోది కార్యాలయం మాట: శాతం ఉంది గానీ ఆదాయం, భూమి, కుటుంబంలో ఉద్యోగం, ఆధార్ వివరాల తేడా వంటి కారణంతో మంజూరు ఆగింది. మొదటిదానికి అప్పీలు, రెండోదానికి మళ్లీ పరీక్ష, మూడోదానికి అర్జీ. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒక కాగితం ఇచ్చి వస్తారు. మేడ్చల్–మల్కాజిగిరి కలెక్టరేట్ 2022 ఆగస్టు నుంచి శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది కాబట్టి ఈ ప్రాంతం వారికి ఆ దారి దగ్గర కూడా. కానీ వైద్య బోర్డు వేసిన 30 శాతాన్ని 45 చేసే అధికారం కలెక్టర్‌కు లేదు. ఆయన ఆ అర్జీని వైద్యులకే పంపిస్తారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

మూడో రకంలో ఈ హైదరాబాద్ శివారుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పింఛను దరఖాస్తు గ్రామంలోనైతే ఎంపీడీఓ దగ్గరికి, పట్టణంలోనైతే మున్సిపల్ అధికారుల దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ పంచాయతీలు మున్సిపాలిటీల్లోకి, మున్సిపాలిటీలు గ్రేటర్‌లోకి మారుతూ వచ్చాయి. ఇల్లు కదలకపోయినా ఫైలు కదులుతుంది. దరఖాస్తు ఇప్పుడు ఏ కార్యాలయం కింద ఉందో రశీదు మీద రాయించుకోవడం ఇక్కడ చాదస్తం కాదు.

అసలు ఈ 40 ఎక్కడిది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఇవి ఏడే. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ఈ చట్టం, 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారిని ప్రధాన ప్రయోజనాలకు అర్హులుగా లెక్కిస్తుంది. పింఛను మాత్రం రాష్ట్ర పథకం. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ దివ్యాంగుల పింఛను 80 శాతం, ఆపైన ఉన్న పేదలకే పరిమితం, అదీ నెలకు 300 రూపాయలే. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పథకంతో 1,500గా మొదలైన మొత్తం 2019లో 3,016కు, 2023లో 4,016కు చేరింది. మొత్తం పెరిగిన కొద్దీ బోర్డు వేసే అంకె విలువా పెరిగింది, దాని మీద తగాదాలూ పెరిగాయి.

సదరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది. డాక్టర్ కొలతలు ఎక్కిస్తే కంప్యూటరే శాతం లెక్కగట్టే ఈ విధానాన్ని గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, తెచ్చింది. మనిషిని బట్టి, డాక్టర్‌ను బట్టి శాతం మారకూడదన్నది దాని ఉద్దేశం. 2025 నుంచి తెలంగాణ దాని స్థానంలో దేశమంతటికీ ఒకటైన యూడీఐడీ కార్డు విధానానికి మారింది. జనం నోట మాత్రం అది ఇప్పటికీ ‘సదరం’. కేంద్రం 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం 40 శాతానికి లోపు ఉన్నవారికి తెల్ల కార్డు, 40 నుంచి 79 వరకు పసుపు, 80, ఆపైన నీలం కార్డు ఇస్తారు. తెల్ల కార్డు చేతికొచ్చిందంటే వైకల్యం ఉందని బోర్డు ఒప్పుకున్నట్టే, పింఛనుకు చాలదన్నట్టే.

శాతం లెక్క తెలియకుండా అప్పీలు వేయడం దండగ. ఉదాహరణకు ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను బాగా కనిపిస్తే మార్గదర్శకాల ప్రకారం వైకల్యం 30 శాతమే. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా, ఎవరు సిఫారసు చేసినా అది 40 కాదు. ‘ఒక కన్ను లేదు, పింఛను ఇవ్వరా?’ అన్న ఆవేదన న్యాయమైనదే. అయితే దాన్ని వినిపించాల్సింది నిబంధన రాసినవారికి, బోర్డులో కూర్చున్న కంటి డాక్టర్‌కు కాదు. తెలివితేటల పరీక్షల్లోనూ ఇలాంటి గీతే ఉంది. సామాజిక పరిణతి స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతమే. ఒక్క పాయింటు తేడాలో పింఛను పోతుంది. స్కోరు 70 దగ్గర ఆగిన పిల్లలకు మాత్రం రెండోసారి పరీక్ష అడగడంలో అర్థం ఉంది.

చెవుల లెక్క ఇంకా విచిత్రం. బాగా వినిపించే చెవి శాతాన్ని ఐదుతో గుణించి, రెండో చెవి శాతాన్ని కలిపి, ఆరుతో భాగిస్తారు. ఒక చెవి నూటికి నూరు శాతం పోయి, రెండోది చక్కగా ఉన్నవారికి వచ్చేది 17 శాతం లోపే. ఒక చెవిలో 100, రెండో చెవిలో 40 శాతం లోపం ఉంటే మొత్తం సరిగ్గా 50. చట్టం దృష్టిలో అది అర్హత కలిగిన వైకల్యమే. కానీ ఆసరా మార్గదర్శకాలు వినికిడి లోపానికి 40 కాకుండా 51 శాతం అడిగాయి. సర్టిఫికెట్ ఉన్నా పింఛను లేని ఈ స్థితిని ఏ వైద్య అప్పీలూ నేరుగా సరిచేయలేదు. ఒక వైకల్యానికి ఒక గీత, మరో వైకల్యానికి ఇంకో గీత ఎందుకన్నదానికి నమ్మదగిన సమర్థన కనిపించదు.

అప్పీలు నిజంగా ఫలించే చోటు వేరే ఉంది. ఒకే మనిషిలో రెండు వైకల్యాలుంటే బోర్డు రెండింటినీ కొలిచి కలపాలి. అయితే మామూలు కూడిక కుదరదు. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. ఒక కన్ను పోయి 30 శాతం ఉన్న మనిషికి కాలి లోపం 20 శాతం ఉందనుకుంటే, 90లోంచి 30 పోగా 60. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 13.3. మొత్తం 43.3. కంటి క్యాంపుకు వెళ్లి కంటి శాతం మాత్రమే రాయించుకుని తిరిగొచ్చిన మనిషి అర్హత గీత దాటినట్టు తనకే తెలియదు. క్యాంపులు ఒక రోజు ఎముకలకు, ఇంకో రోజు కళ్లకు, మరో రోజు చెవులకు అన్నట్టు విడివిడిగా జరగడం వల్ల ఈ పొరపాటు సులువుగా దొర్లుతుంది. పాత పోలియో, కొత్త ప్రమాదం కలిసినవారు, వయసుతో పాటు చూపూ వినికిడీ తగ్గినవారు మొదట చూసుకోవాల్సింది ఇదే.

మానసిక అనారోగ్యంలో ఇబ్బంది మరో రకం. ఐడియాస్ అనే కొలమానంతో సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటి పని, జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నది చూసి మార్కులు వేస్తారు. మొత్తం ఏడు వస్తే 40 శాతం. పరీక్ష రోజు శుభ్రంగా తయారై, అడిగినదానికి బుద్ధిగా జవాబిచ్చిన రోగికి మార్కులు తగ్గిపోతాయి. రోజూ చూసుకునే కుటుంబ సభ్యుడు వెంట వెళ్లి, చివరిసారి ఆస్పత్రిలో చేర్చిన కాగితాలు చూపించకపోతే డాక్టర్‌కు తెలిసే దారి లేదు.

తిరస్కరణను నోటిమాటగా ఒప్పుకోకూడదు. 2016 చట్టం 58వ సెక్షన్ ప్రకారం వైద్య అధికారి సర్టిఫికెట్ అయినా ఇవ్వాలి, చట్టంలోని వైకల్యం లేదని రాతపూర్వకంగానైనా తెలపాలి. మధ్యే మార్గం లేదు. కారణాలు రాసి ఇవ్వడానికి 2017 నిబంధనలు ప్రత్యేక ఫారమే పెట్టాయి. ఈ కాగితం దొరకని చోట సమాచార హక్కు చట్టం అక్కరకొస్తుంది. సొంత పరీక్ష రికార్డును అడిగితే అది పరాయివారి గోప్యత కిందికి రాదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయల రుసుము. గడువు 30 రోజులు. బోర్డులో ఎవరెవరున్నారు, ఏ పరీక్ష చేశారు, ఏ కొలత నమోదైంది, ఏ పట్టిక వాడారు అని విడివిడిగా అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

తర్వాతి మెట్టు 59వ సెక్షన్. బోర్డు నిర్ణయంతో ఏకీభవించనివారు రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లొచ్చని అది చెబుతుంది. గడువు, పద్ధతి రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి తిరస్కరణ కాగితం అందిన వెంటనే అప్పీలు వేయడమే మేలు. అప్పీలులో పేదరికం గురించి పేజీలు నింపడం కన్నా కొలత ఎక్కడ తప్పిందో ఒక్క వాక్యంలో చెప్పడం బలంగా ఉంటుంది: ‘ఎడమ కాలు మాత్రమే చూశారు, కుడి చెవి పరీక్షించలేదు’ అని. దానికి రుజువులు కొత్తవై ఉండాలి. వినికిడికి తాజా ఆడియోగ్రామ్, దాన్ని నమ్మలేని పక్షంలో మెదడు స్పందనను నేరుగా కొలిచే బెరా పరీక్ష. తెలివితేటల లోపానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ నివేదిక. కళ్లకు సరోజినీ దేవి ఆస్పత్రి, మానసిక జబ్బుకు ఎర్రగడ్డ, చెవులకు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి కాగితాలు. ప్రైవేటు డాక్టర్ చీటీ సహాయక సాక్ష్యమే తప్ప తీర్పు కాదు.

మేడ్చల్ పారిశ్రామికవాడలోనూ, తుర్కపల్లి వైపు కంపెనీల్లోనూ పనిచేస్తూ గాయపడినవారికి ఇంకో లెక్క కూడా ఉంటుంది. ఈఎస్‌ఐ, ఉద్యోగుల నష్టపరిహార నిబంధనలు కొలిచేది వైకల్యాన్ని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నదాన్ని. అక్కడ కన్ను పూర్తిగా తొలగిపోతే, రెండోది బాగున్నా 40 శాతం. గుడ్డు ఉండి చూపు మాత్రమే పోతే 30. ఈఎస్‌ఐ వైద్య బోర్డు మీద అప్పీలు కూడా వేరు, మెడికల్ అప్పీల్ ట్రైబ్యునల్‌కు గానీ ఈఎస్‌ఐ కోర్టుకు గానీ. ఈఎస్‌ఐ ఇచ్చిన శాతాన్ని పట్టుకెళ్లి పింఛను బోర్డుతో వాదిస్తే చెల్లదు.

అప్పీలు ఎంత అవసరమో ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపింది. అక్కడ 2024లో దివ్యాంగుల పింఛను 6,000కు, మంచానికే పరిమితమైనవారికి 15,000కు పెరిగింది. 2025లో ప్రభుత్వం పాత సర్టిఫికెట్లన్నింటినీ మళ్లీ పరీక్షించడం మొదలుపెట్టింది. ఆగస్టులో శాతం తగ్గిందంటూ నోటీసులు వెళ్లాయి. జిల్లాల్లో నిరసనలు రేగాయి. ఎంపీడీఓలకు, మున్సిపల్ కమిషనర్లకు అప్పీలు పెట్టుకున్నవారికి పింఛను ఆపబోమని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనరు, వాటికి 91వ సెక్షన్ కింద రెండేళ్ల జైలు దాకా శిక్ష ఉంది. కానీ ముందు డబ్బు ఆపి తర్వాత వినడం, ముందు విని తర్వాత ఆపడం ఒకటి కాదు. తెలంగాణలో మళ్లీ పరీక్షలు జరిగితే పాటించాల్సింది రెండో పద్ధతినే.

అప్పీలు అధికారీ కాదంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు. న్యాయమూర్తి శాతం లెక్కగట్టరు. కారణాలు రాశారా, సరైన నిపుణుడు చూశాడా అన్నదే పరిశీలించి మళ్లీ పరీక్షకు పంపగలరు. మాటకు సంబంధించిన వైకల్యం ఉన్న విద్యార్థి ఓంకార్ రామచంద్ర గోండ్ కేసులో 2024 అక్టోబరు 15న సుప్రీంకోర్టు, బోర్డులు అంకె చూసి తోసిపుచ్చకూడదని, కాదంటే కారణం చెప్పాలని స్పష్టం చేసింది. అది వైద్య విద్యా ప్రవేశాల కేసే అయినా కారణం చెప్పే బాధ్యత అన్ని బోర్డులకూ వర్తించదగినదే. బ్రిటన్‌లో ఇలాంటి తగాదాను విచారించే ట్రైబ్యునల్‌లో న్యాయమూర్తితో పాటు ఒక డాక్టర్, వైకల్యం గురించి అనుభవమున్న సభ్యుడు కూర్చుంటారు. ఇక్కడ డాక్టర్ల మాట మీద అప్పీలు మళ్లీ డాక్టర్ల దగ్గరికే వెళ్తుంది. 2016 చట్టానికి ముందు 2011లో ముసాయిదా తయారుచేసిన కమిటీకి న్యాయ సలహాదారుగా ఉన్నది శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. ప్రొఫెసర్ అమితా ధండా దాన్ని నడిపారు. చివరికి పార్లమెంటు దాటిన చట్టం ఆ ముసాయిదాకు చాలా దూరం జరిగింది.

కార్యాలయాల జాప్యం మీద మలక్‌పేటలోని దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఆ కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో చర్య తీసుకోవాలి. వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోయేవారు ఒకటి తెలుసుకోవాలి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద రాసిన దరఖాస్తు, తిరస్కరణ కాగితం నకలు ఇస్తే చాలు.